పొయ్యి దగ్గర పెట్టిన సెల్లులు

ఎదురింటి హారిక భీమవరంలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, మా డాబా మీద ఒక సామాను పెట్టుకోవచ్చా అని అడిగింది. ఏం సామాను అన్నాను. సంచీలోంచి తీసి చూపించింది. బోర్లించిన సత్తుగిన్నె లాంటి తెల్లటి గుండ్రటి వస్తువు, దానికొక నల్లటి వైరు, వైరు చివర ఒక చిన్న పెట్టె. "మీ డాబాకి చుట్టూ అడ్డం ఏమీ లేదండి తాతగారూ. నలువైపులా ఆకాశం దొరుకుతుంది. మా ఇంటికి నీళ్ళ ట్యాంకు అడ్డమండి," అంది. ఆకాశం చూడ్డానికి యంత్రం దేనికమ్మా, తలెత్తితే కనబడదూ అన్నాను. "కనబడనిది కూడా ఉంటుంది కదండీ పైన, దాన్ని చూడాలి," అంది. రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి, నాకే పై సంగతులు చెబుతోందని కాస్త ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకున్నాను. ఈ నరసాపురంలో నా దగ్గరికి ఎవరైనా ఏదైనా అడగటానికి వచ్చి చాలా కాలమైంది. రేడియోలతో పాటు నా అవసరం కూడా తీరిపోయింది జనానికి.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు రేడియోల వెనక అట్ట మీద అంటించిన సర్క్యూటు బొమ్మల్లోంచి నేర్చుకున్నాను. పైన ఎక్కడో గాలి పలచబడ్డ చోట కరెంటు నిండిన పొర ఒకటి ఉంటుందనీ, షార్ట్ వేవు సంకేతం దానికి తగిలి మళ్ళీ నేలకి దిగుతుందనీ, అందుకే సముద్రం అవతలి స్టేషన్లు కూడా మనింట్లో పలుకుతాయనీ తూకానికి కొన్న కాగితాల్లో దొరికిన ఒక పాత పుస్తకం చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకానికి అట్టా లేదు, చివరి పేజీలూ లేవు. ఆ చివరి పేజీల్లో ఏముందో ఈ వయసులో ఒక ఆడపిల్ల చెప్పవలసి వచ్చింది.

ఆ సాయంత్రం హారిక లాప్‌టాప్ తెచ్చుకుని పిట్టగోడ నీడలో కూర్చుంది. తెర మీద రంగురంగుల గీతలు. ఒక్కో గీత ఒక్కో ఉపగ్రహానిదట. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం ఆ పై పొరలోంచి దిగి రావాలి. పొర చిక్కగా ఉంటే రవ్వంత ఆలస్యమవుతుంది, పలచగా ఉంటే తొందరగా వచ్చేస్తుంది. ఆ తేడానే ఈ పెట్టె గీతగా గీస్తుంది. నేను చూస్తుండగా ఒక గీత నెమ్మదిగా లేచింది, నెమ్మదిగా కుంగింది, మళ్ళీ లేవటం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా అది? నీ యంత్రం పాడైందా?"

"కాదండి, అల. పైన గాలిలో పుట్టిన అల ఆ పొరని తోసుకుంటూ పోతోంది. మా కాలేజీ మీద పెట్టిన పెట్టెలో ఇందాకే కనబడిందండి. ఇప్పుడు మన నెత్తి మీదికి వచ్చింది. కాసేపట్లో అంతర్వేదిలో పెట్టినదాంట్లో కనబడుతుంది చూడండి. దీన్ని ట్రావెలింగ్ అయనోస్ఫియరిక్ డిస్టర్బెన్స్ అంటారు."

"నడిచే అల అంటే సరిపోదూ?"

"ప్రాజెక్టు రిపోర్టులో అలా రాస్తే మా సారు నన్ను బతకనివ్వరండి."

సముద్రం ఒడ్డున పుట్టినవాడికి అల గురించి చెబుతున్నావన్నాను. అందుకే మీకు తొందరగా అర్థమైందండి అని నవ్వింది. చెప్పినట్టే కాసేపటికి అంతర్వేది గీత కూడా అదే తీరున లేచింది. నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ అల పోయేటప్పుడు షార్ట్ వేవులో వచ్చే రేడియో ఏమవుతుందమ్మా అని అడిగాను.

"దాన్ని వెనక్కి కొట్టే పొరే ఊగిపోతుంది కదండీ. గొంతు దిగిపోతుంది. పావుగంటో, అరగంటో అయ్యాక మళ్ళీ దానంతటదే వచ్చేస్తుంది."

"ఎందుకు పుడతాయి ఇవి?"

"చాలా కారణాలండి. ఉరుముల మబ్బులు, తుఫాన్లు... తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే దాని అలలు పైకెక్కి చుట్టూ పోతాయండి, చెరువులో రాయేస్తే పోయినట్టు. ఏం తాతగారూ, అలా ఉండిపోయారు?"

ఏమీ లేదన్నాను. నిజంగానే ఏమీ లేదు. ఆ మాట విన్నాక నాలో ఏదో తెగుతుందో, పొంగుతుందో అనుకుని కాసేపు చూశాను. పన్ను పీకటానికి ఇంజెక్షను ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. మా అమ్మ విషయంలో నాకు ఇది అలవాటే. ఆవిడ పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు సరిపోయాయా లేదా అని చూసుకుంటూ తిరిగాను.

మా పల్లె అంతర్వేదికి ఇవతల, గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుక మెరక మీద ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే ఇప్పుడక్కడ నీళ్ళు. మొదట సరుగుడు తోట పోయింది, తర్వాత రామాలయం, తర్వాత ఇళ్ళు. మాది తాటాకిల్లు. అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, నేను. నాన్నా బాబాయీ తెల్లవారకుండా తెప్ప మీద వేటకి పోయేవారు. తెప్ప ఒడ్డుకి చేరగానే అమ్మ గంప నెత్తికెత్తుకుని ఊళ్ళ మీదికి పోయి చేపలమ్ముకొచ్చేది. నూలు వలలకి తుమ్మచెక్క కషాయం పట్టించిన రోజు ఇల్లంతా వగరు వాసన కొట్టేది. మిగిలిన రోజులన్నీ ఎండే నెత్తళ్ళ చేపల వాసన. ఆ వాసన మాకు తెలిసేది కాదు. బయటివాళ్ళు ముక్కు మూసుకుంటేనే గుర్తొచ్చేది. బడిలో మేష్టారు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు, గాలి కోసమని. ఎవరి గాలి కోసమో అప్పుడు అర్థం కాలేదు. అర్థమైనప్పటి నుంచీ ఆయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ఇంట్లోకి రేడియో ఎలా వచ్చిందంటే, చేపలు కొనే వ్యాపారి ఒకాయన కొత్తది కొనుక్కుని పాతది నాన్నకిచ్చాడు. తోలు కవరుకి చిల్లులు, చిల్లుల వెనక గొంతు. నాన్న దాన్ని రోజూ సాయంత్రం తన తుండుగుడ్డతో తుడిచి, సరుగుడు గడకి కట్టిన రాగితీగ తగిలించి, గూట్లో పెట్టేవాడు. రేడియో వాతావరణానికి, పాటలకి కాదు అని ఆయన శాసనం. సముద్రం మీద బతికేవాడికి ఆ వార్త ఒక్కటీ చాలు. వానాకాలం దగ్గరి స్టేషన్లో గరగర తప్ప ఏమీ వినబడేది కాదు గనక షార్ట్ వేవులో దూరపు స్టేషను పెట్టేవాడు. అదే వాతావరణం అక్కడా చెప్పేవారు, దీపాలు పెట్టే వేళకి.

పగలు రేడియో అమ్మది. నాన్న కళ్ళు మూసుకుని ఊరుకునేవాడు. గంప దించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని స్త్రీల కార్యక్రమం, పాటలు, ఎప్పుడైనా హరికథ పెట్టుకునేది. వినటం అంటే ఊరికే వినేది కాదు, ఎదురు మాట్లాడేది. లోపలావిడ కూర ఎలా వండాలో చెబుతుంటే, "ఈవిడకి చెప్పటం వచ్చు గానీ వండటం రాదే నూకాలూ. చింతపండు ముందే పోస్తే ముక్క ఉడుకుతుందా చస్తుందా?" అనేది. నూకాలు మా పిన్ని. అప్పుడు కడుపుతో ఉంది. మాట తక్కువ మనిషి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. పాట వచ్చినప్పుడు మాత్రం ఆవిడ కాలి బొటనవేలు ఇసుకలో కదులుతూ ఉండేది.

బాబాయి సాయంత్రం ఒడ్డు నుంచి వస్తూనే గుమ్మంలోంచి అరిచేవాడు. "ఏం వదినా, ఇవాళ ఏం పాడాడు నీ చుట్టం?"

"నా చుట్టమేంటి కొండబాబూ, మీ అన్నయ్య నా మీదికి తెచ్చిన సవతి. దాన్ని తుడిచినట్టు నన్ను ఒక్కనాడైనా తుడిచాడేమో అడుగు."

"నిన్ను తుడిస్తే తుండుగుడ్డ పనికొస్తుందా వదినా, ఆ చేపల వాసనకి?"

అమ్మ చేతికి ఏది దొరికితే అది విసిరేది. నాన్న వినబడనట్టు వల బాగుచేసుకునేవాడు. నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆయన మెడ నరం కదిలేది.

సెల్లుల గురించి చెప్పాలి. ఇప్పటివాళ్ళకి రిమోటులో వేసే సెల్లు తెలుసు, అది పోతే పారేయటం తెలుసు. మా ఇంట్లో సెల్లు పారేయటమనేది లేదు. నీరసపడ్డదాన్ని తీసి ఎండలో పెట్టేవాళ్ళం. చాప మీద నెత్తళ్ళు, ఆ చాపకే ఒక మూల సెల్లులు. కాకులు రాకుండా కాపలా నేనే. పొద్దంతా ఎండ తాగి వేడెక్కితే సాయంత్రానికి మళ్ళీ కాస్త పలికేవి. వాన రోజుల్లో పొయ్యిగట్టు మీద పెట్టేవాళ్ళం. ప్రతి పల్లెకారింట్లోనూ ఇదే పద్ధతి. గొంతు తగ్గిందంటే సెల్లు నీరసం, సెల్లు నీరసమంటే వేడి చెయ్యాలి. ఇందులో ఆలోచించవలసింది ఏముందనుకున్నాం. జ్వరం తగ్గటానికి లంఖణం ఎలాగో ఇదీ అలాగే.

పిన్నికి నెలలు నిండిన రోజుల్లో ఒక సాయంత్రం గాలి లేదు. ఉక్కపోత. సన్నగా తుంపర పడి ఆగింది. నాన్న కాలికి ముల్లు దిగి వాచి ఉండటం వల్ల మర్నాడు వేటకి పోయేది బాబాయి ఒక్కడే, పక్కింటాయన తెప్ప మీద. అందుకని ఆ వాతావరణం మిగతా రోజుల కంటే బాబాయికే ఎక్కువ కావాలి. ఆయన గూటి కింద గొంతుక్కూర్చున్నాడు. కోస్తా జిల్లాల వాతావరణం అని మొదలుపెట్టాడు లోపలాయన. బంగాళాఖాతంలో అన్నంతవరకూ శుభ్రంగా వినబడింది. అక్కణ్ణుంచి గొంతు దిగిపోవటం మొదలైంది. ఎవరో రేడియోని చేదకి కట్టి నూతిలోకి దింపుతున్నట్టుగా, నెమ్మదిగా, మాట మాటకీ లోపలికి పోయింది. నాన్న మీట చివరికంటా తిప్పాడు. చెవి ఆనించాడు. ఏదో గొణుగుడు, అంతే.

"సెల్లులు పోయాయి," అన్నాడు. గబగబా వెనక మూత తీసి సెల్లులు అమ్మ చేతిలో పోశాడు. "తొందరగా వెయ్యి పొయ్యి దగ్గర."

అమ్మ వాటిని పొయ్యిగట్టు మీద వరసగా పెట్టి పుల్లతో దొర్లిస్తోంది. బాబాయి అటు తిరిగి, "వంకాయలు కాల్చినట్టు కాల్చకు వదినా, పేల్తాయి," అన్నాడు. అందరం నవ్వాం. కాస్త వేడెక్కాక నాన్న వాటిని తుండుగుడ్డలో పట్టుకుని మళ్ళీ వేశాడు. కొంచెంసేపు గొణిగి, క్రమంగా గొంతు పైకి లేచింది. కాసేపటికి ఇల్లు దద్దరిల్లేలా పలికింది. చూశావా అన్నట్టు నాన్న తలాడించాడు. కానీ వాతావరణం అయిపోయింది. ధాన్యం ధరలు చెబుతున్నారు.

"పగలంతా పాటలు పెడితే అవసరానికి ఏం మిగులుతుంది దీంట్లో," అన్నాడు నాన్న, అమ్మ వైపు చూడకుండా.

"పోనీలే అన్నయ్యా, గట్టిదైతే పొద్దున్న మళ్ళీ చెబుతారు," అన్నాడు బాబాయి. పొద్దున్న రేడియో మొదలయ్యే వేళకి తెప్ప కనుచూపు దాటిపోతుందని ఆయనకి తెలియదా, మాకు తెలియదా? తెలుసు. అమ్మని ఆ మాట నుంచి తప్పించటానికి అన్నాడంతే.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆ తర్వాతి సంగతి రాయను. తుఫాను ఎలా ఉంటుందో ఈ జిల్లాల్లో ఒకరు ఒకరికి చెప్పనక్కర్లేదు. నీళ్ళు తీశాక తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బాబాయి రాలేదు. పక్కింటాయనా రాలేదు. ఆ దుంగల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తుంటే, అమ్మ వెళ్ళి పిన్నిని పట్టుకోబోయింది. పిన్ని అమ్మ చెయ్యి విదిలించి కొట్టింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి పల్లె పల్లెంతా వినేలా అరిచింది. "నీ పాటలకి నా మొగుణ్ణి మేపావు కదే అక్కా!"

అంతే. పల్లెకి ఆ ఒక్క మాట చాలింది. ఆ రోజు నుంచి మా అమ్మకి పేరు లేదు, సెల్లులావిడ. చేపలకి ఊళ్ళ మీదికి పోతే అక్కడా సెల్లులావిడ వచ్చిందనేవారు. ఎందుకంటారో కూడా తెలియనివాళ్ళు అనేవారు. సెల్లులు తీసింది నాన్న. తీయకుండా ఉంచి ఉంటే చివరి రెండు ముక్కలైనా చెవికి అందేవేమో. ఈ మాట ఒక్కరూ అనలేదు, నాన్నతో సహా. ఆయన రేడియోని గోనెపట్టాలో చుట్టి అటక మీద పడేశాడు. తర్వాత బతికిన కాలమంతా ఆ విషయం మీద నోరు విప్పలేదు. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు అని ఆయన్ని అందరూ మెచ్చుకునేవారు. అనవలసిన చోట అనకపోవటం మంచితనమని ఈ లోకానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు.

అమ్మ ఎదురు చెప్పలేదు. పాట మానేసింది. పెళ్ళివారి మైకు వినబడితే లేచి లోపలికి పోయేది. అన్నం మొదటి గరిటె పిన్ని కంచంలో పడ్డాకే మాకు. పిన్నికి ఆడపిల్ల పుడితే రాజేశ్వరి అని పేరు పెట్టి, పురిటి నాటి నుంచి ఆ పిల్లకి నీళ్ళు పోయటం, పాలు కొని పట్టించటం, చేపలమ్మి బట్టలు కొనటం, పెళ్ళి చెయ్యటం అన్నీ అమ్మే. పిన్ని కూర్చుని తినేది అనను, ఆవిడ కూడా కష్టపడింది. కానీ ఇంట్లో ఎవరి ముందు ఎవరు తల వంచుకోవాలో మాత్రం ఒక్కనాడూ మారలేదు. అమ్మ నాతో ఒక్కసారి మాత్రం అంది, నేను కొట్టు పెట్టుకున్న కొత్తలో. "నిజంగా పాటలకి అంత ఖర్చయిపోతాయంట్రా సెల్లులు?" అని. అడిగిన తీరు చూస్తే తన కోసం అడిగినట్టు లేదు, ఏదో కొలత తెలుసుకుందామని అడిగినట్టుంది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

చెప్పలేకపోవటానికి కారణం ఉంది. నేను రేడియో పని నేర్చుకున్నదే ఆ జవాబు కోసం. అటక మీది రేడియోని దించి విప్పితే లోపల అంతా బాగుంది. సెల్లులు మాత్రం కారిపోయి తుప్పు పట్టి ఉన్నాయి. అవి ఆ రోజు ఎలా ఉన్నాయో ఎవరు చెప్పగలరు? గొంతు పైకీ కిందికీ ఊగటం నాకు తెలియనిది కాదు. కానీ నేనెరిగిన ఊపు త్వరత్వరగా, అలా వచ్చి ఇలా పోయేది. నిమ్మళంగా దిగిపోయి, చాలాసేపు కింద ఉండి, మళ్ళీ నిమ్మళంగా లేవటం నీరసపడ్డ సెల్లు చేసే పని. దానికి కాస్త విశ్రాంతి ఇస్తే మళ్ళీ కొంచెం శక్తి తెచ్చుకుంటుంది. కొట్టుకి వచ్చినవాళ్ళు అలా చెబితే నేనూ సెల్లులు మార్చుకోమనేవాణ్ణి. ఆకాశంలో అల ఒకటి ఉంటుందనీ, అది సరిగ్గా సెల్లు వేషం వేసుకుని వస్తుందనీ నాకు ఎవరూ చెప్పలేదు. నా పుస్తకానికి చివరి పేజీలు లేవు.

హారికకి ఇదంతా చెప్పాను. ఆ పిల్ల గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని, "పోనీ చూద్దామా తాతగారూ?" అంది. మర్నాడు సాయంత్రం నేను బజారుకి పోయి కొత్త సెల్లులు కొని, నా దగ్గర మిగిలిన పాత సెట్టులో వేసి డాబా మీదికి పట్టుకొచ్చాను. షార్ట్ వేవులో ఇప్పుడు స్టేషన్లు ఎక్కడున్నాయి? ఏ దేశమో, ఏ భాషో తెలియని గొంతు ఒకటి దొరికింది. ఎవరో ఆడమనిషి వార్తలు చదువుతున్నట్టుంది. ఆ రోజు తెర మీద గీత కదల్లేదు. తర్వాతి రోజూ కదల్లేదు. వారం తిరిగే లోపల ఒక సాయంత్రం గీత కుంగటం మొదలైంది. రేడియోలో ఆవిడ గొంతు దిగిపోయింది. అదే దిగటం. నూతిలోకి చేద దిగినట్టు. నా చెయ్యి తనంతట తాను సెట్టు వెనక మూత మీదికి పోయింది.

"ముట్టుకోకండి!" అంది హారిక. "సెల్లులు కొత్తవే కదండీ?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇద్దరం ఏమీ చెయ్యకుండా కూర్చున్నాం. కింద వీధిలో ఐసు లోడు ఆటో పోయింది. చాలాసేపటికి ఆవిడ గొంతు మళ్ళీ పైకి వచ్చింది. ఎవరూ ఏమీ వేడి చెయ్యలేదు.

"అయితే ఇదే కదమ్మా ఆ రోజు జరిగింది," అన్నాను.

ఆ పిల్ల మొహమాటపడింది. "అయ్యుండొచ్చండి. కానీ ఇదేనని చెప్పలేం. ఈ పెట్టె చూసేది మన నెత్తి మీది పొరని. మీ రేడియో సంకేతం తగిలేది ఎక్కడో మధ్య దారిలో. ఇవాళ రెండూ కలిసొచ్చాయి. ఆ రోజు పైన ఏముందో ఎవరూ కొలవలేదు కదండీ."

"తుఫాను వస్తోంది, గొంతు దిగింది, మళ్ళీ లేచింది. ఇంకేం కావాలి మీకు?"

"నాకేం అక్కర్లేదండి తాతగారూ, నేను నమ్ముతున్నాను. రుజువు అనలేం, అంతే."

కోపం వచ్చింది. చదువుకున్నవాళ్ళు అయ్యుండొచ్చు దగ్గర ఆగిపోతారు. పల్లె ఆగలేదే! ఏ కొలతా లేకుండా, ఏ గీతా చూడకుండా, ఒక ఆడదాని మీద అంత మాట వేసి దాన్ని ఆవిడ కాటి దాకా మోయించింది. నింద వెయ్యటానికి అక్కర్లేని రుజువు తియ్యటానికి ఎందుకు కావలసి వచ్చిందో నాకు అర్థం కాదు. కానీ ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు. అది నాకు తెలుసు. అదే ఇంకా మంట.

ఆ మాటని మొదట అన్న మనిషి ఒక్కతే ఇంకా బతికి ఉంది. పిన్ని భీమవరంలో మనవరాలి దగ్గర ఉంటోంది, ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో. రాజేశ్వరి కూతురే ఆ మనవరాలు. నేను బస్సెక్కి వెళ్ళాను. దారి పొడుగునా రెండు పక్కలా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్మే చక్రాలు. ఏం చెప్పాలో, ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ మనసులో వల్లె వేసుకున్నాను. అమ్మకి ఇప్పించవలసిన మాట ఒక్కటే. తప్పు నీది కాదు అని ఆ మనిషి నోటి వెంట రావాలి. అది చాలు.

పిన్ని మంచం మీద కూర్చుని టీవీ సీరియల్ చూస్తోంది. బాగా ఎండిపోయింది, కళ్ళు మాత్రం చురుకు. నన్ను చూసి రిమోటు నొక్కి గొంతు ఆపింది, బొమ్మ ఆడుతూనే ఉంది. "ఏరా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా? చిక్కిపోయావేంటి?"

కూర్చుని అంతా చెప్పాను. ఆకాశంలో పొర సంగతి, అల సంగతి, తుఫానే ముందుగా ఆ అలని పంపి తన కబురు తానే మింగేసి ఉండొచ్చన్న సంగతి. ఉండొచ్చు అన్న మాట కూడా వదల్లేదు, హారిక ముందు సిగ్గుపడకూడదని. పిన్ని మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. నేను ఆగాక, "అయితే సెల్లులు బాగానే ఉన్నాయంటావు," అంది.

"ఉండి ఉంటాయి అంటున్నాను."

"ఉండి ఉండటమేంట్రా, బాగానే ఉన్నాయి," అంది పిన్ని.

నీకెలా తెలుసు అన్నాను.

"మర్నాడు గాలి మొదలవ్వగానే మీ అమ్మా, మీ నాన్నా, నువ్వూ అందరూ ఒడ్డుకి పరిగెత్తారు. నిండు కడుపుతో నన్ను ఇంట్లో ఉండమన్నారు. ఏమైనా చెబుతారేమోనని రేడియో పెట్టాను. ఎంత గట్టిగా పలికిందంటే భయమేసి కట్టేశాను. పొయ్యి వేడి రాత్రికే దిగిపోయి ఉంటుంది, అయినా కొత్త సెల్లులు పలికినట్టే పలికింది."

"మరి ఒడ్డున అమ్మని అంత మాట..."

"అన్నాను. కడుపు మండి అన్నాను. అన్నాక ఆ రేడియో గుర్తొచ్చి తెలిసింది, తప్పు మాట అని."

"తెలిసి కూడా ఒక్కసారైనా చెప్పలేదా ఆవిడకి?"

పిన్ని చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. గొంతు మారలేదు. "చెబితే? నాకు మొగుడు లేడు, పుట్టింటివాళ్ళు లేరు, చంకలో పిల్ల. మీ నాన్న ఒక్కడి వేట మీద ఇంతమంది. తన తప్పేం లేదని తెలిస్తే మీ అమ్మ నన్నూ నా పిల్లనీ ఎన్నాళ్ళు మోసేదిరా? నీకు పెట్టకుండా మాకు పెట్టేదా? ఆకాశంలో ఏదో అల అంటున్నావు. ఆ అల వచ్చి నా పిల్లకి పాలు పోసేదా? మీ అమ్మ పోసింది."

తెలిసినా అమ్మ పోసేదే అని ఒక జవాబు నోటి దాకా వచ్చింది. పోసేదా? నేను చెప్పలేను. దానికీ కొలత లేదు. తప్పు ఆవిడది కాదని నాతో ఒక్కసారి అను పిన్నీ అన్నాను. "ఎవరికి కావాలిరా ఇప్పుడు ఆ మాట? వినాల్సినావిడ లేదు. అన్నవాళ్ళు లేరు. ఊరే లేదు," అంది. తర్వాత లోపలికి తిరిగి, మామయ్య వచ్చాడు అన్నం పెట్టమని మనవరాలిని కేకేసింది. రిమోటు మళ్ళీ నొక్కింది. నేను అక్కడే కూర్చుని, పెట్టినదంతా తిన్నాను. ఉప్పు తక్కువైందా అని మనవరాలు అడిగితే సరిపోయిందన్నాను. వెళ్ళొస్తానని చెబితే, మెట్లు జాగ్రత్త అంది పిన్ని.

బస్సులో వస్తున్నప్పుడు ఎవరో కుర్రాడు ఫోను చూసుకుంటూ, వాయుగుండం ఒడిశా వైపు పోయిందంట అని పక్కవాడితో అన్నాడు. పక్కవాడు ఆవలించాడు. ఇప్పుడు ఆ కబురు పొద్దుటి నుంచి పదిసార్లు జేబులోకే వస్తుంది. రాకుండా పోయిన ఒక్క సాయంత్రానికి ఎంత ఖరీదో వాళ్ళకి తెలియనక్కర్లేదు, మంచిదే. నాకు ఏడుపు రాలేదు. కోపం మాత్రం ఉంది, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను. నాన్న లేడు. పిన్ని మీద పెట్టుకుందామంటే ఆవిడ లెక్క తప్పని చెప్పలేకపోతున్నాను.

వినేవాళ్ళెవరూ లేరని పిన్ని అన్నది నిజమే. అయినా ఇది చదివేవాళ్ళు కొందరైనా ఉంటారు గదా, వాళ్ళకి మా పల్లె తెలియకపోయినా ఫరవాలేదు. మా అమ్మ సెల్లులు తినేయలేదు. ఆవిడ పాటల వల్ల ఎవరూ చచ్చిపోలేదు. ఆవిడ పేరు మంగమ్మ.